తెల్లటి ముక్కలు నాలుగు

పాప కిలోన్నర పెరిగింది.

డాక్టరు నమ్మలేక మళ్లీ తూచింది. అదే అంకె.

"ఏం మార్చారు?"

"ఏమీ మార్చలేదండీ," అంది తల్లి. "మూడు నెలల కిందట వంటకి కొత్తావిడ వచ్చింది. అంతే."

"అయితే ఆవిడ్ని వదులుకోకండి," అంది డాక్టరు నవ్వుతూ.

పాపకి తొమ్మిదేళ్లు. ఆటిజం. తెల్లగా లేనిదేదీ నోట పెట్టదు. పాలు, ఉడికించిన బంగాళదుంప, అంచులు తీసేసిన బ్రెడ్డు. దుంప మీద చిన్న మచ్చ కనిపించినా పళ్లెం అవతలికి తోసేస్తుంది.

గుడ్డులో తెల్లసొన పెట్టి చూడమని డాక్టరు ఎప్పుడో చెప్పింది. కానీ ఆ ఇంట్లో మాంసం, గుడ్డు ముట్టరు.

"నేనుండగా ఈ గడప లోపలికి గుడ్డు రాదు," అంది నాయనమ్మ.

ఆవిడ ఒక మాటంటే ఆ ఇంట్లో దానికి తిరుగు లేదు.

తల్లి ఆ రోజు ఇంటికి గాల్లో తేలుతూ వచ్చింది. చేతిలో ఉన్న ఖాళీ మందు పెట్టె పారేయబోతే, చెత్తబుట్టలో పేపరు పొట్లం కనిపించింది. విప్పింది.

గుడ్డు పెంకులు.

"ఎవరు తెచ్చారివి?"

వంటావిడ పొట్లంకేసి చూసింది. హాల్లో కూర్చున్న నాయనమ్మ లేచి నిలబడి ఏదో అనబోయింది.

"మీరు మాట్లాడకండి పెద్దమ్మగారూ," అంది వంటావిడ గబగబా. "తప్పు నాది. నేనే పెట్టాను."

"పాపకి పడకపోతే? ఒళ్లంతా దద్దుర్లొస్తే? మాకు ఒక్క మాట చెప్పొద్దా?" అని నిలదీసింది తల్లి.

"మిమ్మల్ని నమ్మి వంటిల్లు అప్పజెప్పాం," అన్నాడు తండ్రి. "రేపట్నించి రాకండి."

వంటావిడ సంచీ భుజాన వేసుకుంది. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది.

"ముక్కలు ఒకదానికొకటి తగలనివ్వకండమ్మా," అని చెప్పి వెళ్లిపోయింది.

నాయనమ్మ తన గదిలోకి పోయి తలుపేసుకుంది. ఆ పూట అన్నం ముట్టలేదు.

వంట చేసేవాళ్లు లేక మర్నాడు తల్లీ తండ్రీ ఆఫీసులకి సెలవు పెట్టారు. పొద్దున ఎనిమిదింటికి, రోజూ వాళ్లు వెళ్లిపోయే వేళకి, పాప బల్ల దగ్గర కూర్చుని చెంచాతో టక్ టక్‌మని కొట్టడం మొదలెట్టింది.

ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. పిల్ల ఒళ్లు చేస్తుంటే మాన్పించడానికి మనసొప్పలేదు. నాయనమ్మ స్నానానికి వెళ్లిన సమయం చూసి, తండ్రి దొంగలా వెళ్లి గుడ్లు తెచ్చాడు. తల్లి ఉడకబెట్టింది. ఒలుస్తుంటే సగం తెల్లసొన పెంకుతోనే ఊడొచ్చింది.

పాప ఆ చిరుగు ముక్కల్ని చూసి పళ్లెం తోసేసి చెవులు మూసుకుంది.

"అవతలికి జరగండి."

వెనక నాయనమ్మ. తడి జుట్టు ఇంకా ముడి కూడా వేయలేదు.

కొడుకు తన చేతిలోని పెంకుల్ని చటుక్కున జేబులో వేసుకున్నాడు.

నాయనమ్మ అతన్ని పట్టించుకోలేదు. తన కుట్టుడబ్బా తెరిచి, అందులోంచి ఒక గుడ్డు తీసింది. తర్వాత ఒక దారం.

గడియారం చూస్తూ ఉడికించింది. చన్నీళ్లలో వేసి పెంకు సాఫీగా ఒలిచింది. దారంతో నాలుగు ముక్కలు కోసింది. పచ్చసొన తీసేసి, పళ్లెంలో నాలుగు మూలలా నాలుగు పెట్టింది.

పాప చెవుల మీంచి చేతులు తీసింది. ఒకటి తింది. రెండు. మూడు. నాలుగోది నములుతూ కూనిరాగం తీసింది.

"అత్తయ్యా, మీరా?"

"మూడు నెలల్నించీ," అంది నాయనమ్మ. "మొదటి ఇరవై రోజులు కన్నెత్తి చూడలేదు. తర్వాత వాసన చూసింది. ఒకరోజు నాకింది. గోరంత పెట్టి, పడుతుందో లేదోనని రెండ్రోజులు ఆగాను."

"మరి మాతో చెప్పొచ్చు కదమ్మా," అన్నాడు కొడుకు.

"గడప దాటదన్నాను కదరా. ఏ మొహం పెట్టుకుని, నేనే దాటించానని చెప్పను?" అని, "ముందు నీ జేబులోవి బయట పారెయ్," అంది.

అందరికీ నవ్వాగలేదు. పాప కూడా చేతులు రెక్కల్లా ఆడించింది.

నాయనమ్మే వంటావిడకి ఫోన్ చేసింది. అప్పటికే ఏదో హాస్టల్ వంటకి ఒప్పుకుందట.

"పాప తిన్నదా?" అని ముందుగా అడిగింది వంటావిడ.

"తిన్నది. నన్ను క్షమించు తల్లీ."

"ఊరుకోండి. ఆదివారం వచ్చి చూస్తాలెండి," అంది హాయిగా నవ్వుతూ.

ఫోన్ పెట్టేశాక కోడలు అంది: "ఆవిడది గుడ్డు తినే ఇల్లు కాబట్టి, అదంత తప్పనిపించి ఉండదు ఆవిడకి."

"తినడమా?" అంది నాయనమ్మ. "ఆవిడ పుట్టి బుద్ధెరిగాక గుడ్డు ముట్టలేదు. ఆ వాసనే పడకపోయినా, మీరెక్కడ వచ్చేస్తారోనని మూడు నెలలూ ముక్కు మూసుకుని వంటింటి గుమ్మంలో కాపలా నిలబడింది."