అరచేతి కొలత

"రాత్రి భోజనానికి వస్తానే పొట్టీ, స్టీక్ చెయ్యి" అని ఫోన్‌లో అక్క అనగానే, ఆమె వంటింట్లో గిర్రున ఒక చుట్టు తిరిగింది. అలిగి పెళ్ళికే రాని అక్క. పెద్ద హోటల్లో వంటశాలని ఒంటిచేత్తో నడిపే అక్క. "రాళ్ళు చెక్కేవాడితో కాపురం చేస్తే నీ చేతులు కాయలు కాస్తాయే" అని తెగేసి చెప్పిన అక్క. ఆ అక్క తనంతట తానే వస్తోంది.

పాఠం కూడా ఫోన్‌లోనే చెప్పింది. మాంసం ముక్కల్ని ముందుగా ఫ్రిజ్‌లోంచి తీసి బయట పెట్టాలి, తడి లేకుండా అద్దాలి, ఉప్పూ మిరియాల పొడీ దండిగా పట్టించాలి, పెనం పొగలు కక్కాకే వెయ్యాలి.

"ఎంతసేపని నన్నడక్కు. బొటనవేలిని మధ్యవేలికి ఆనించి, బొటనవేలి కింది కండ నొక్కి చూడు. ముక్క కూడా సరిగ్గా అలాగే ఉన్నప్పుడు దించెయ్. తప్పు జరిగే వీలే లేదు."

సాయంత్రం భర్త పని నుంచి వచ్చి, తలలో రాతిపొడి పోయేదాకా స్నానం చేసి, పెళ్ళినాటి చొక్కా వేసుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. వదినగారితో ఏం మాట్లాడాలో తోచడం లేదన్నాడు. మాటలతో పనిలేదు, అంతా స్టీకే చూసుకుంటుందని ఆమె ధైర్యం చెప్పి, అతన్ని పొయ్యి దగ్గరికి లాక్కుంది.

పెనం చుయ్యిమంది. వెన్న నురగెత్తి ఇల్లంతా కమ్మగా వాసనేసింది. ఆమె కండ నొక్కింది, ముక్క నొక్కింది. ముక్కే మరీ మెత్తగా అనిపించింది. ఇంకాసేపు ఉంచింది. మళ్ళీ నొక్కింది. ఇంకా మెత్తగానే ఉంది. ఇంకాసేపు.

అక్క వచ్చింది. కూర్చుంది. కత్తి పెట్టి కోసింది. ముక్క తెగలేదు గాని పళ్ళెం కిర్రుమంది. ఎలాగో తెగిన కాస్తా నోట్లో పెట్టుకుని నమిలింది, నమిలింది, నములుతూనే ఉంది. భర్త గ్లాసెడు నీళ్ళతో ఒక ముక్క దించి, చాలా బాగుందన్నాడు. ఆ అబద్ధానికి పొలమారింది కూడా.

ఆమెకి కళ్ళు నిండాయి. ఇన్నాళ్ళకి గడప తొక్కిన అక్క, ఈ పూటతో మళ్ళీ రాదు.

"నేను చెప్పినట్టే చూశావా?"

"చూశానక్కా. నొక్కి నొక్కి చూశాను."

"ఏదీ, చెయ్యి ఇలా తే."

అక్క ఆమె బొటనవేలి కింద నొక్కింది. ఆగింది. అరచెయ్యి వెల్లకిలా తిప్పి, వేళ్ళ మొదళ్ళు ఒక్కొక్కటే తడిమి చూసింది. పెళ్ళికి ముందు ఎలా ఉందో అలాగే ఉంది ఆ చెయ్యి.

"ఇంట్లో అంట్లు ఎవరు తోముతారు? బట్టలు?"

ఆమె భర్త వైపు చూసింది. అతను రెండు చేతులూ బల్ల కిందికి దాచుకున్నాడు.

"మరి ఇందాక నొక్కింది ఎవరి చెయ్యే?"

ఆమె తల వంచుకుంది. "ఆయనది. నాకెప్పుడూ మెత్తగానే ఉంటుంది."

"తప్పు నాదే వదినగారూ" అన్నాడతను. "అడగ్గానే చెయ్యి ఇచ్చేశాను."

అక్క బల్ల మీదుగా వంగి అతని చెయ్యి బయటికి లాగింది. చెల్లెలి చేతికి కాస్తాయని తను భయపడ్డ కాయలన్నీ అక్కడున్నాయి. చాలాసేపు ఆ చేతిని వదల్లేదు.

"పెళ్ళికి రావాల్సింది" అంది చివరికి. పళ్ళెం దగ్గరికి లాక్కుని, దవడలు నొప్పెడుతున్నా ఆఖరి ముక్క దాకా తింది. చెయ్యి కడుక్కుని చెల్లెలి వైపు తిరిగింది.

"రేపు ఇద్దరూ మా ఇంటికి భోజనానికి రండి. వంట నేను చేస్తా. నువ్వు మాత్రం మరిది చెయ్యి పట్టుకుని పొయ్యికి దూరంగా కూర్చో."