దడ ఉన్నవాళ్ళకే ప్రవేశం

పాఠాలన్నీ యంత్రాలే చెప్పే ఆ రోజుల్లో కూడా ప్రతి హైస్కూలుకూ ఒక మనిషి టీచరు ఉండాలని నిబంధన. ఆ ఉద్యోగానికి ఎంపికైన వకుళకు శిక్షణ మొదలయ్యే రోజు ఉదయం ఇడ్లీ గొంతు దిగలేదు.

"పిల్లలు నన్ను చూసి నవ్వితే ఏం చెయ్యాలమ్మా?"

"నువ్వూ నవ్వేయ్. ముందు తిను," అంది తల్లి.

భయం బయటపడితే పంపేస్తారని, వకుళ దడ తగ్గించే బిళ్ళ వేసుకుని బొబ్బిలిలో బస్సెక్కింది. శిక్షణ కేంద్రం గుమ్మంలోని యంత్రం ఆమె గుండె చప్పుడు కొలిచి ఎర్రదీపం వెలిగించింది.

శిక్షణ ఇచ్చే సత్యారావు మాస్టారు వచ్చి చూశాడు.

"ఏటమ్మా, బిళ్ళ ఏసుకున్నావా? బెదురు లేని టీచర్లు మాకు గదికొకటి ఉన్నాయి. వాటి ముందు తప్పు చెప్పడానికి సిగ్గుపడి పిల్లలు నోరే విప్పడం లేదు. మాకు తడబడే మనిషి కావాల. నువ్వెళ్ళిపో."

"మూడేళ్ళు చదివాను మాస్టారూ! అమ్మకేం చెప్పను?"

వకుళ గుమ్మం వదలకుండా అక్కడే నిలబడింది. బిళ్ళ ప్రభావం ఎటుపోయిందో గాని, యంత్రం మీద అంకె గబగబా పెరిగి పచ్చదీపం వెలిగింది.

"హమ్మయ్య! లోపలికెళ్ళి కూకో," అన్నాడు మాస్టారు.

హాల్లో నలభైమంది చెమటలు తుడుచుకుంటున్నారు. ఒకామె జరిగి చోటిచ్చింది. వకుళ అంత నిశ్చింతగా ఎన్నడూ భయపడలేదు.