దుబాసీ లేని మాట

"ఆ థాయి ఆయన అరగంట మాట్లాడితే నీకు వినపడింది 'ఫరవాలేదండి' అన్న ముక్క ఒక్కటేనటయ్యా? దిగు నా గట్టు!"

వీరాస్వామి రంకెకు రొయ్యల మేత కంపెనీ దుబాసీ రాజారత్నం బురదలో ఇరుక్కున్న చెప్పును పెరుక్కుంటూ వెనక్కి తగ్గాడు.

రేపల్లెకు దిగువన, తాతలనాటి వరిచేను తవ్వించి వీరాస్వామి నిర్మించుకున్న రొయ్యల చెరువు అది. ఆ ఉదయం టైగర్ రొయ్యలు అడుగున మసలడం మాని ఒడ్డుకు చేరి, మహాసభకు విచ్చేసిన ప్రతినిధుల వలె మీసాలు పైకెత్తి బారులు తీరాయి. ప్రతి ప్రతినిధి వీపు మీదా తెల్లమచ్చలు, చెరువులకు చెరువులనే తుడిచిపెట్టే రోగం గుర్తు. ప్రారంభోపన్యాసానికి కాకులు ముందుగానే దయచేశాయి.

"నేను దిగితే ఆయన మాట మీకెవరు చెబుతారండి?" అన్నాడు రాజారత్నం.

"నేనే మాట్లాడుకుంటా."

"థాయిలోనా? శుభం. మీ థాయి వింటే ఆ మిగిలిన రొయ్యలు కూడా పైకొస్తాయండి." రాజారత్నం వెళ్లి జీపులో కూర్చున్నాడు.

ఈ ఎత్తిపొడుపు అన్యాయం. బ్యాంకాక్ నుంచి కంపెనీ రప్పించిన రొయ్యల నిపుణుడు ప్రసిత్ వెనకటి రాకలో ఇచ్చిపోయిన చిన్న పాఠపుస్తకాన్ని వీరాస్వామి నెలల తరబడి వేదంలా వల్లించాడు. నామ్ అంటే నీళ్లు, కుంగ్ అంటే రొయ్య, బాన్ అంటే ఇల్లు. స్నానాల గదిలోంచి ఆ దివ్యవాక్కులు వినవచ్చినప్పుడల్లా భార్య హైమావతి, ఆయనకు పడిశం పట్టిందనుకుని మిరియాల కషాయం కాచేది.

ప్రసిత్ గట్టు చివర గొంతుక్కూర్చుని, చచ్చిన రొయ్యనొకదాన్ని అరచేతిలో పెట్టుకుని చూస్తున్నాడు. వీరాస్వామి భుజాన తువ్వాలు సవరించుకుని, ప్రథమ పాఠాన్ని రాయబారి గాంభీర్యంతో అప్పజెప్పాడు.

"ఖున్ సబాయ్ దీ రూ ఖ్రాప్?"

తమరు క్షేమమేనా అని అర్థం. ప్రసిత్ ఫక్కున నవ్వాడు. "పుస్తకం, పుస్తకం," అన్నాడు తనకొచ్చిన నాలుగు తెలుగు మాటల్లో ఒకదాన్ని ఖర్చుపెడుతూ. తర్వాత గుండె మీద చెయ్యి వేసుకుని, మనుషులు ఎదురుపడితే నిజంగా అనేది ఇదీ అన్నట్టు, నెమ్మదిగా పలికాడు.

"కిన్ ఖావ్ రూ యంగ్?"

"ఏంటంటున్నాడండీ?" గట్టు మీది పాకలోంచి హైమావతి అడిగింది.

"అన్నం తిన్నావా అంటున్నాడు."

"అయ్యో, పాపం ఆకలేస్తోందేమో!"

"ఆకలి కాదే, పలకరింపు. ఎదురుపడిన వాళ్లని మనం అనమూ?"

"అన్నవాళ్లకి పెట్టమూ?"

పాకలో విస్తరి పడింది. వేడన్నం, గోంగూర పచ్చడి, పైన ఉల్లిపాయ. ప్రసిత్ మొదటి ముద్దకే కళ్లనీళ్లు తుడుచుకుని రెండో ముద్ద కలిపాడు.

"ఆరోయ్ మాయ్ ఖ్రాప్?" రుచిగా ఉందా అని వీరాస్వామి ప్రశ్న.

"ఆరోయ్ ఖప్," అని ప్రసిత్ వేలెత్తి చూపాడు. ఖ్రాప్ అని రోకలిపోటు వేయనక్కరలేదు. ఖప్ అని తేలిగ్గా వదిలితే చాలు, మాటమాట చివరా వదలాలి.

వీరాస్వామికి థాయి వ్యాకరణమంతా ఒక్కసారిగా కరతలామలకమైంది. అది వాళ్ల 'అండి'! ఇక అడ్డేముంది? తెనాలి స్టేషనులో రైలెప్పుడండీ అని అడిగినంత అలవోకగా థాయిలో అడగసాగాడు.

"నీళ్లు మార్చవచ్చా, ఖప్?"

"మాయ్ దాయ్ ఖప్." కుదరదండి.

"మందు ఉందా, ఖప్?"

"మాయ్ మీ ఖప్." లేదండి.

సర్వనాశనం ఇంత మర్యాదగా మరే భాషలోనూ వినిపించదు. పాక బయట కాకులు మాత్రం ఏ గౌరవవాచకమూ లేకుండా తమ పని తాము చేసుకుపోతున్నాయి.

"మందు ఏమైనా చెప్పాడాండీ?" హైమావతి గరిటె పట్టుకుని అలాగే నిలబడింది.

"ఉండు. అసలుది అడగలేదింకా."

నిస్సహాయుడికి తర్కమే చివరి చుట్టం. రొయ్యల సాగులో జగద్గురువైన దేశం ఈ రోగాన్ని ఎన్నడో ఎదుర్కొని ఉంటుంది; ఎదుర్కొని గెలిచి ఉంటుంది; గెలవని వాణ్ని నిపుణుడని విమానమెక్కించి పంపరు గదా! వీరాస్వామి మఠం వేసుక్కూర్చుని, ఏ పాఠంలోనూ లేని వాక్యాన్ని ఒక్కొక్క మాటా ఏరి పేర్చాడు.

"థీ బాన్ ఖున్, కుంగ్ పెన్ యంగ్ నీ, థమ్ యంగ్‌ఙై ఖప్?"

మీ ఇంటి దగ్గర రొయ్యలకు ఇలా అయినప్పుడు ఏం చేశారండీ?

ప్రసిత్ ఈసారి నవ్వలేదు, తప్పు దిద్దలేదు. కలిపిన ముద్ద విస్తట్లోనే వదిలేసి, చెరువు వంక చూస్తూ మెల్లగా అన్నాడు.

"ఖాయ్ థీదిన్, లేవ్ మా థమ్‌ఙాన్ థీనీ ఖప్."

ఆ వాక్యంలో వీరాస్వామికి తెలియని మాట ఒక్కటీ లేదు. ఇన్ని నెలల విద్యాభ్యాసంలో ఒక థాయి వాక్యం ఆసాంతం అర్థమవడం అదే మొదలు.

"ఏమండీ, చెప్పరేం? వాళ్లూళ్లో ఏం చేశాడంట?" హైమావతి గరిటె కింద పెట్టి దగ్గరకొచ్చింది.

"ఉన్న భూమి అమ్మేసి, ఇక్కడికి ఉద్యోగానికొచ్చాడంట."