పూత ఆరింది

“నీ పూత పుణ్యాన కట్టెలు సగానికి సగం మిగుల్తాండాయప్పా. ఇంగ పొయ్యి కాడ ఇద్దరెందుకు? దీపావళి దాటినాక ఒకరు చాలు.”

ఆ మాట అన్నది బళ్లారి పక్క సిరుగుప్పలో ఉప్పుడు బియ్యం మిల్లు యజమాని ఇంద్రసేన. తొట్టికి చివరి పూత మెత్తుతున్న కోటిలింగం చేతులు ఆగిపోయాయి.

వడ్లను ఆవిరిపట్టే ఇనుప తొట్టి అది. బోడిగా ఉండి వేడినంతా గాలిపాలు చేస్తోందని, బంకమన్ను, ఊక, మేకవెంట్రుకలు కలిపి దానికి పూత వేద్దామన్నది కోటిలింగమే. ఈ వైపు పొలాలకు కాలువ వచ్చిందని గుడివాడ నుంచి పెళ్లాంబిడ్డలతో తరలివచ్చి ఏడేళ్లు దాటింది. తను మెత్తిన మట్టే తన నోట పడుతుందని కలగన్నాడా పాపం!

వెళ్లేది తనేనని వేరే చెప్పాలా? రెండో మనిషి హులిగెప్ప కొప్పళం వైపు నుంచి కిందటేడు వచ్చాడు. తెలుగు అంతంతమాత్రం. తక్కువ కూలికి చేస్తాడు, పిలిస్తే యజమాని పొలంలోకీ దిగుతాడు. అయినా కోటిలింగం వాడి మీద ఒక్క మాట తూలలేదు. ఆ సాయంత్రం తన బీడీకట్ట తీసి వాడికే ఇచ్చాడు.

మర్నాడు పొద్దున్నే చివరి పూత ఆరడానికి తొట్టిలోకి ఆవిరి వదిలి, పైన చుట్టే గోనె కుట్టుకుంటూ కూర్చున్నాడు. తొట్టి కడగడం హులిగెప్ప పని. వాడు పానా పట్టుకుని వచ్చి, పూత మీద అరచెయ్యి ఆనించి చూశాడు.

“ఆరైతేన్రీ మేస్త్రీ?” అని అడిగాడు.

“ఆరింది,” అన్నాడు కోటిలింగం, తలెత్తకుండానే.

హులిగెప్ప మూత బోల్టులు విప్పాడు. లోపల బిగిసి ఉన్న ఆవిరి ఒక్క ఉదుటున వాడి ముఖం మీద పడింది. లారీలో వేసుకుని బళ్లారికి పోతుంటే దారిలోనే ప్రాణం పోయింది.

విచారణకు వచ్చిన ఇన్‌స్పెక్టరే సంగతి విప్పి చెప్పాడు. “కన్నడంలో ఆరడమంటే చల్లారడమప్పా. తొట్టి చల్లారిందా అని అడిగినాడు వాడు. ముట్టుకుంటే నీ పూత వల్ల చల్లగానే ఉండె. దానికి తోడు నువ్వు ఆరిందంటివి.”

కోటిలింగం నెత్తి బాదుకుని ఏడ్చాడు. పూత ఎండిందా అని అడుగుతున్నాడనుకున్నానండీ అన్నాడు. ఇంద్రసేన అడ్డుపడి, కోస్తా మనిషి, కన్నడం ఒక్క ముక్క రాదని చెప్పాడు. హులిగెప్ప పెళ్లాం అక్కమ్మ కూడా కోటిలింగాన్ని తిట్టలేదు. రెండు భాషల మధ్య పడి తన మొగుడు పోయాడని మన్నులో పడి ఏడ్చింది.

“నీ పని యాడికీ పోదులే, ఇంటికి పో,” అన్నాడు ఇంద్రసేన.

కోటిలింగం ఇంటికి పోలేదు. బస్టాండు దాటి, ఊరి చివర తనను ఎరగని హోటల్లో కూర్చున్నాడు. టీ తెచ్చిపెట్టారు. అక్కమ్మను ఎక్కించుకున్న బస్సు కనుమరుగయ్యేదాకా చూసి, అప్పుడు ఒక గుక్క తాగి, చల్లారిన గ్లాసు వెనక్కి తోశాడు.

“చా ఆరైతె, బిసి చా కొడ్రీ,” అన్నాడు.