గిన్నెలు కడిగే నీళ్ళు

కానీ మంచినీళ్ళు ఇస్తానంటే వద్దన్నవాడు, గిన్నెలు కడిగే నీళ్ళే కావాలని ఎందుకు పట్టుబట్టాడు?

పొద్దుటినుంచీ ఆ ఒక్క ప్రశ్నే ఆమెని వదలడం లేదు. కంప్యూటర్ ముందు కూర్చుందన్న మాటే గానీ, మనసు దాని మీద లేదు.

అబద్ధాలు పట్టుకోవడం ఆమె ఉద్యోగం. బీమా కంపెనీకి వచ్చే క్లెయిములు పరిశీలిస్తుంది. కాలిపోయిందన్న దుకాణం నిజంగా కాలిందా, పోయిందన్న నగ నిజంగా పోయిందా, ఇంట్లో కూర్చునే తేలుస్తుంది. చిన్నది అడిగేవాడి వెనక పెద్దదేదో దాగి ఉంటుందని ఆమె నమ్మకం.

పొద్దున అతను బెల్లు కొట్టినప్పుడూ అదే అనుకుంది.

గొలుసు తియ్యకుండానే తలుపు సందులోంచి చూసింది. యాభై దాటిన మనిషి. బస్సులో నలిగిన చొక్కా. చేతిలో మూత ఉన్న చిన్న స్టీలు క్యాను.

"ఏం కావాలయ్యా?"

"కాసిని నీళ్ళు తల్లీ."

ఫ్రిజ్‌లోంచి సీసా తెచ్చి సందులోంచి అందించింది. తన మంచితనం తనకే ముచ్చటేసింది.

అతను అందుకోలేదు.

"ఇవి కాదమ్మా. కుళాయి నీళ్ళు."

"ఆ నీళ్ళు మేం తాగం. గిన్నెలకీ బకెట్లకీ వాడతాం."

"ఫర్వాలేదు తల్లీ. మీ కుళాయిలో వచ్చేవి డ్యామ్ నీళ్ళేనా? బోరువి కలవవు కదా?"

"నీకెందుకా ఆరాలన్నీ?"

"అవతలి వీధిలో అన్నీ బోర్లేనన్నారు. డ్యామ్ పైపు ఈ మేడకే ఉందట. ఒక్కసారి వంటింట్లోకొచ్చి నేనే పట్టుకుంటాను. ఇందాకొకాయన జాలిపడి ఇందులో ఫిల్టర్ నీళ్ళు పోసిచ్చాడు. పారబోసుకోవాల్సొచ్చింది."

వంటింట్లోకి! అనుకున్నంతా అయింది. ఆమె తలుపు వేసి, గేటు దగ్గరికి ఫోన్ చేసింది.

గేటు కాపలా మనిషిని ఆ మేడలో అందరూ విజిల్ అంటారు. మాట కన్నా ముందు ఈల ఊదుతాడు. ఊదుకుంటూనే పైకొచ్చాడు.

"నడవవయ్యా పెద్దాయనా, నడు!"

అతను గొడవ చెయ్యలేదు. మెట్ల దగ్గర ఆగి, మూసిన తలుపు వైపు తిరిగి ఒక్క మాటన్నాడు.

"లోపల కుళాయి కారుతోంది తల్లీ. కట్టేసుకో."

నిజంగానే కారుతోంది. ఇన్నేళ్ళుగా అక్కడే ఉంటూ ఆమె ఏనాడూ వినని చప్పుడు, తలుపు అవతల నిలబడినవాడు విన్నాడు.

వెళ్ళి గట్టిగా తిప్పేసింది. వచ్చి కూర్చుంది.

టప్.

మళ్ళీ వెళ్ళింది. కుళాయి నోరు పొడిగా ఉంది. వేలు పెట్టి చూసింది, తడి లేదు. వెనక్కొచ్చి కూర్చుంటే మళ్ళీ టప్. చెవులు మూసుకుంటే ఇంకా దగ్గర్నుంచి వినిపించింది.

సాయంత్రానికి ఇక ఉండబట్టలేక కిందికి దిగింది.

విజిల్ కుర్చీలో కూర్చుని కాళ్ళు ఊపుకుంటున్నాడు. పక్కన అదే స్టీలు క్యాను.

"ఇది నీ దగ్గరికెలా వచ్చింది?"

"ఆ నీళ్ళ పిచ్చాయన ఇచ్చి పోయాడు మేడమ్. మధ్యాహ్నం దాకా గేటు అవతలే కూర్చున్నాడు. ఎవరో ఒకరు పొయ్యకపోతారా అని. పోనీ నేనే పోసిద్దామంటే నా గదిలో వచ్చేది బోరేగా!"

"ఎందుకట ఆ నీళ్ళు?"

"వాళ్ళమ్మ మంచం పట్టిందట. ఇవాళో రేపో అన్నట్టుందట. మనింటి నీళ్ళు ఒక్క గుక్క తాగి పోతానురా అని ఒకటే గోలట."

"అయితే వాళ్ళింట్లోనే పట్టొచ్చుగా?"

"వాళ్ళింట్లో కుళాయి ఏదీ? ఎక్కడో గుట్ట మీద గవర్నమెంటు వాళ్ళు ఇళ్ళు కట్టిచ్చారట. మనకొచ్చే పైపు వాళ్ళ గుమ్మాల ముందు నుంచే వస్తుందట, ఒక్క చుక్క వాళ్ళకి లేదట. ట్యాంకరు వస్తే వచ్చినట్టు. పోనీ డ్యామ్‌కే పోవయ్యా అన్నాను. చుట్టూ కంచె, దగ్గరికి రానివ్వరన్నాడు."

"మరి క్యాను ఎందుకు వదిలేశాడు?"

విజిల్ కాళ్ళు ఊపడం ఆపాడు.

"ఫోనొచ్చింది మేడమ్. విన్నాడు. ఊఁ అన్నాడు. ఇంక నీళ్ళతో పని లేదయ్యా, దీన్ని నువ్వుంచుకో అని లేచి వెళ్ళిపోయాడు."

ఆమె క్యాను వైపు చూసింది.

విజిల్ నవ్వు తెచ్చుకున్నాడు.

"అయినా తిక్క మనిషి మేడమ్. మీ ఇంటి బావి ఎక్కడ పెద్దాయనా అని ఎగతాళికి అడిగితే, ఏం చేశాడో తెలుసా? చెయ్యెత్తి మన మేడ మీది ట్యాంకు చూపించాడు!"

ఆమె నవ్వలేదు. డ్యామ్ కట్టినప్పుడు కొన్ని ఊళ్ళు ఇళ్ళూ బావులతో సహా నీళ్ళలో మునిగిపోయాయని ఎప్పుడో, ఎక్కడో విన్న గుర్తు. అతను చెప్పినదాంట్లో ఒక్క అబద్ధమూ లేదు.

"ఆ క్యాను ఇలా ఇవ్వు" అంది.

వంటింట్లో లైటు వెయ్యకుండానే క్యాను కుళాయి కింద పెట్టి తిప్పింది. కుళాయి ముందు గుర్రుమంది, ఎవరో గొంతు సవరించుకున్నట్టు. తర్వాత నీళ్ళొచ్చాయి.

అంచు దాకా నిండాక, ఇన్నేళ్ళూ తన ఎంగిలి గిన్నెలు కడిగిన అతని ఇంటి బావిని ఆమె రెండు చేతులా ఎత్తి, ఒక్క గుక్క తాగింది.