మోకో కూర్చోలేదు

గురువారం ఉదయం పదకొండున్నరకు డెగ్బోకోపే చెక్‌పోస్టులో కుక్కకు పరీక్ష పెట్టారు. వాకిట్లో వరసగా ఉంచిన మూడు చెక్కపెట్టెల పక్క నుంచి కుక్క నడిచింది. దేని దగ్గరా కూర్చోలేదు.

కుక్క పేరు మోకో. దొంగరవాణాలో పోయే అలుగు అనే అడవిజంతువు పొలుసుల వాసన తగిలితే అది కూర్చోవాలి. మొరగదు, గీరదు. కూర్చుంటే మాత్రం, రబ్బరు బంతి చేతికొచ్చేదాకా అక్కణ్ణించి లేవదు. జీడిపిక్కల కింద, ఎండుచేపల కింద, ఒకసారి శవపేటికలో దాచిన పొలుసులను కూడా అది పట్టించింది. టోగోలో ఉత్తరాది అడవుల నుంచి రేవుకు దిగే ఈ రోడ్డు మీద ఉన్నది ఆ ఒక్క కుక్కే.

"ఇంకోసారి నడిపించు," అన్నాడు తాయిరు. అతను రాజధాని నుంచి విచారణకు వచ్చిన అధికారి.

"జ్వరం తగ్గి ఎన్నాళ్లో కాలేదు సార్ దానికి," అంది కుక్కను నడిపించే ప్యాలో.

"జ్వరం సంగతి నేనడగలేదు. తాడు వదులుగా పట్టుకో. నువ్వు లాగితే అది కూర్చుంటుందని నాకు తెలీదనుకోకు."

పోయిన నెల జీడిపిక్కల లారీ ఒకటి ఈ పోస్టు దాటి వెళ్లింది. రేవులో బస్తాలు విప్పితే అడుగున పొలుసులు బయటపడ్డాయి. ఆ లారీని మోకో వాసన చూసిందనీ, కూర్చోలేదనీ పోస్టు అధికారి అమెవీ చెప్పాడు. ఆ లారీ అసలు తమ కంటపడలేదని ప్యాలో చెప్పింది. తాయిరుకు రెండే తోచాయి. కుక్క ముక్కు పాడై ఉండాలి, లేదా ప్యాలో చెయ్యి ఎవరో తడిపి ఉండాలి.

పరీక్ష పెడదామన్నది అమెవీ. కుక్క కూర్చుంటే ఉంటుంది, లేకపోతే సాయంత్రానికి పంపించేస్తారు. ఎక్కడికి పంపుతారని ప్యాలో అడిగింది.

"ముసలి కుక్కలు ఎక్కడికి పోతాయో అక్కడికే," అన్నాడు అమెవీ.

పరీక్షకు కావలసిన పొలుసుల సంచీని తాయిరు సంతకం పెట్టి రాజధాని నుంచి తెచ్చాడు. అది ఏ పెట్టెలో ఉందో తెలిసిన మనిషి తనకు తెలియకుండానే అటు చూస్తాడు. కుక్క ఆ చూపును పట్టేస్తుంది. అందుకని తన కారు నిలిపే రేకుల షెడ్డులో అమెవీ ఒక్కడే ఆ సంచీ తీసుకుని పెట్టెలు సర్ది, ఒక్కొక్కటే తెచ్చి వాకిట్లో పెట్టాడు. తరవాత నల్ల కళ్లద్దాలు పెట్టుకుని గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

రెండోసారి మోకో ప్రతి పెట్టెనూ వాసన చూసింది. ముందుకు పోయింది.

"రాత్రి ఎండుచేప కలిపిన ముద్ద పెట్టాను సార్. గుమ్మం అవతల నుంచే పసిగట్టింది. ముక్కు బాగానే ఉంది," అంది ప్యాలో.

"చేప వాసన నాకూ తెలుస్తుంది," అన్నాడు అమెవీ. "నన్ను కూడా తాడు కట్టి తిప్పుతావా?"

మూడోసారి మధ్య పెట్టె దగ్గర ప్యాలో తాడును కొద్దిగా లాగింది. మోకో తలెత్తి ఆమె మొహంలోకి చూసింది. కూర్చోలేదు.

"చూశాను," అన్నాడు తాయిరు.

"పాపం, కుక్కకు అబద్ధం నేర్పుదామనుకుంది. దానికి ఎక్కలేదు," అన్నాడు అమెవీ.

"ఆ లారీ రోజున కూడా ఇలాగే లాగావా?" అని అడిగాడు తాయిరు. "లేచి రమ్మని?"

"ఆ లారీని నేను చూడలేదు. ఎన్నిసార్లడిగినా అదే చెప్తాను సార్. ఇప్పుడు లాగింది మాత్రం నిజం. దీని ముక్కు పోయిందేమోనని నాకూ భయమేసింది." ఆమె తాడును చేతికి చుట్టుకుంది. "మా కొండల్లో అలుగు కనబడి ఏళ్లయింది. ఉన్న నాలుగూ ఈ రోడ్డునే పోతాయి. ఇది లేకపోతే వాటినెవరు ఆపుతారు?"

"నేను లేనా?" అన్నాడు అమెవీ.

కుక్క పనికిరాదని తాయిరు కాగితం మీద రాశాడు. సంతకం చేయడానికి ప్యాలో తాడు వదిలింది. ఎండ నడినెత్తిన ఉంది. మోకో వాకిలి దాటి షెడ్డులోకి వెళ్లి, అమెవీ కారు వెనక కూర్చుంది.

"నీడ చూసుకుంది," అన్నాడు తాయిరు.

"కారెక్కించమంటోంది. పంపించేస్తున్నామని దానికి ముందే అర్థమైంది," అని అమెవీ నవ్వాడు.

"మోకో, రా," అని పిలిచింది ప్యాలో.

రాలేదు. ఇంకోసారి పిలిచింది. అది తోకైనా కదపలేదు.

"మాట వినడం కూడా మానేసింది. అదీ రాసుకోండి సార్," అన్నాడు అమెవీ.

ప్యాలో రుమాలు కోసం జేబులో చెయ్యి పెట్టింది. బంతి తగిలింది. దాన్ని అలాగే వదిలేసి రుమాలు తీసుకుంది.

"పదండి సార్, భోంచేద్దాం," అన్నాడు అమెవీ. "మా ఆవిడ ఫుఫు ముద్ద, మేక పులుసు పంపింది. పెట్టెలు నేను తరవాత లోపల పెట్టిస్తాను."

"ముందు ఆ సంచీ తీసుకుంటాను. నా సంతకం మీద వచ్చింది."

"ఎక్కడికి పోతుంది సార్? మీరు బయల్దేరేలోపు నేనే తెచ్చిస్తాను. ఫుఫు చల్లారితే రాయైపోతుంది."

"ఒక్క నిమిషం," అంటూ తాయిరు వంగి మొదటి పెట్టె మూత తీశాడు. తరవాత రెండోది తీశాడు. అమెవీ కళ్లద్దాలు తీసి చొక్కాకు తుడుచుకున్నాడు. తాయిరు మూడో పెట్టె మూత కూడా తీశాడు.

మూడూ ఖాళీగా ఉన్నాయి.