కంచె అవతలి తీగ

పండును నొక్కగానే ఉద్యానశాఖ ఆఫీసరమ్మ వేళ్ళు ఎర్రబడ్డాయి.

"తొక్కే కాదు, గుజ్జు కూడా ఎరుపే! వైన్ ద్రాక్షలో ఇలాంటి రకం నేనింతవరకూ చూళ్ళేదు. ఎక్కడ దొరికింది మీకు?"

"తోట కొన్నప్పుడు కంచె పక్కన ఒక్క తీగ ఉందండీ. కనిపెట్టింది నేనే. మిగతావన్నీ పీకించి తోటంతా దీని కొమ్మలే నాటించాను," అన్నాడు తోటాయన ఛాతీ విరుచుకుని.

"అయితే వెంటనే దీన్ని కొత్త రకంగా నమోదుకు పెట్టండి."

పెట్టాడు. చనిపోయిన తన తండ్రి పేరే ఆ ద్రాక్షకు పెట్టాడు.

వారం తిరక్కుండా నమోదు ఆఫీసు నుంచి గుమస్తా ఫోన్ చేశాడు.

"మీ ద్రాక్ష గురించి ఎవరో ముసలాయన కాగితం ఇచ్చి వెళ్ళాడు సార్. మీ కంచె అవతల ఉంటాట్ట."

తోటాయనకు ఒళ్ళు మండిపోయింది. కంచె అవతల అద్దె గదిలో ఒంటరిగా ఉండే మనిషి. పెరట్లో ఉన్నది ఒకే ఒక్క ద్రాక్ష తీగ, అదీ ఏనాడూ ఒక్క కాయ కాసిన పాపాన పోలేదు. రెండుసార్లు కంచె దగ్గరికొచ్చి ఏదో చెప్పబోతే తోటాయనే మొహం తిప్పుకున్నాడు.

"నా నోటి దగ్గర కూడు లాక్కుంటాడా? వాణ్ణి వదిలితే నేను మా నాన్న కొడుకునే కాదు!"

"ముందు ఆ కాగితంలో ఏముందో కనుక్కోండి," అంది భార్య.

"ఇంకేముంటుంది? ద్రాక్ష నాదేనని రాసుంటాడు."

పట్టుబట్టి ఆ గదీ పెరడూ కొనేశాడు. మర్నాడు పొద్దున్నే గునపం పట్టుకుని వెళ్ళాడు.

"గది ఖాళీ చేస్తా నాయనా. తీగ మాత్రం కొట్టకు. కొడితే నష్టం నీకే," అన్నాడు ముసలాయన.

"నన్నే బెదిరిస్తున్నావా?"

"అయ్యో, అది కాదు బాబూ, ఈ తీగ..."

"నోర్ముయ్! పెట్టె తీసుకుని నడు!"

ముసలాయన కళ్ళెదుటే తీగను వేళ్ళతో సహా పెకలించి తగలబెట్టాడు. కడుపు చల్లబడింది. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు. కక్ష తీరిన మనిషికి ఆకలి బాగా వేస్తుంది మరి.

మరుసటి ఏడు తోట విరగబూసింది. పూతంతా రాలింది. ఒక్క పిందె నిలవలేదు.

ఆఫీసరమ్మ వచ్చి పువ్వును భూతద్దం కింద పెట్టి చూసింది.

"దీని పుప్పొడిలో జీవం లేదండీ. ద్రాక్షలో ఇది చాలా అరుదు. బొప్పాయికి ఉన్నట్టే దీనికీ పక్కన పోతు తీగ ఉండాలి. అది పూస్తుంది గానీ కాయదు. నిరుడు ఇక్కడెక్కడో ఉండే ఉంటుందే?"

తోటాయన భార్య కంచె వైపు చూపించింది. అక్కడిప్పుడు బూడిద కూడా లేదు.

"ఇంకో రకం నాటితేనో?" అన్నాడు చివరికి.

"దీంతో పాటు పూసేది ఇంకోటి ఉందో లేదో నాకూ తెలీదు. అప్పుడు కాగితం ఇచ్చిన ఆ పెద్దాయన్నే అడగాలి. ఇదిగో, ఆయన కాగితం నేను తెచ్చిన మీ నమోదు ఫైల్లోనే ఉంది. ఇప్పుడెక్కడున్నారు?"

"తెలీదండీ."

భార్య ఆ కాగితం అందుకుని పైకి చదివింది.

"అయ్యా, ఈ తోటలో కూలీగా ఉన్నప్పుడు గింజ నాటి కంచెకు ఇటూ అటూ ఉన్న రెండు తీగలనూ మొలిపించింది నేనే అయినా, పేరు మాత్రం తోటాయన పెట్టిందే ఉండనివ్వండి, పోతు తీగ లేకపోతే ఇది కాయదన్న ఒక్క మాట చేర్చండి, లేకపోతే పాపం ఆయన నష్టపోతాడు."